ఒండ్రు రాని డెల్టా

కృష్ణా, గోదావరి జంట డెల్టాల తీరం పొడవు 336 కిలోమీటర్లు. 1965 నుంచి 2008 వరకు, అంటే 43 ఏళ్లలో, ఈ తీరం నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేలను సముద్రానికి వదులుకుంది. పాత పటాలనూ ఉపగ్రహ చిత్రాలనూ పక్కపక్కన పెట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావు బృందం తేల్చిన లెక్క ఇది. వినగానే ఎవరికైనా తట్టేది ఒకటే: భూమి వేడెక్కుతోంది, మంచు కరుగుతోంది, సముద్రం పెరుగుతోంది, కాబట్టి తీరం మునుగుతోంది. ఈ వరుసలో అబద్ధమేమీ లేదు. కానీ లెక్క వేసి చూస్తే పొసగదు. ఆ 43 ఏళ్లలో ప్రపంచ సముద్రమట్టం సగటున పెరిగింది పది సెంటీమీటర్ల లోపే. మట్టం ఎంత పెరిగితే దానికి యాభై నుంచి వంద రెట్ల దూరం ఇసుక తీరం వెనక్కి జరుగుతుందని చెప్పే ఒక మోటు లెక్క ఉంది. దాన్ని బ్రూన్ సూత్రం అంటారు. దాని మీద విమర్శలు చాలానే ఉన్నాయి గానీ ఒక అంచనాకు రావడానికి పనికొస్తుంది. తొమ్మిది సెంటీమీటర్లకు వంద రెట్లంటే తొమ్మిది మీటర్లు. తీరం పొడవునా తొమ్మిది మీటర్ల పట్టీ పోయిందనుకుంటే మూడు చదరపు కిలోమీటర్లు. డెల్టా నేల మరీ చదును కనుక దాన్ని మూడింతలు చేద్దాం. అప్పుడూ తొమ్మిదే. మిగతా అరవై ఏడు చదరపు కిలోమీటర్ల సంగతేమిటి?

జవాబు సముద్రంలో లేదు, ఎగువన ఉంది. డెల్టా అంటే నది వేల ఏళ్లుగా మోసుకొచ్చి సముద్రం అంచున పోసిన మట్టి. పోసిన మట్టి పోసినట్టు ఉండదు. దాని బరువుకు అదే అణిగి, లోపలి నీరు బయటికి పోయి, ఏడాదికేడాది కొద్దికొద్దిగా కిందికి దిగుతుంది. పైగా అలలు, తీరం వెంబడి సాగే ప్రవాహాలు అంచును నిత్యం కోసుకుపోతుంటాయి. ఈ రెండు నష్టాలనూ పూడ్చేది వరదల్లో వచ్చే కొత్త ఒండ్రు. అది వస్తున్నంత కాలం డెల్టా నిలబడుతుంది, ఎక్కువ వస్తే సముద్రంలోకి పెరుగుతుంది కూడా. ధవళేశ్వరం దగ్గర 1852లో, బెజవాడ దగ్గర 1855లో ఆనకట్టలు కట్టాక కూడా చాలాకాలం ఈ తీరం ముందుకే పెరిగింది, ఎందుకంటే అవి నీటిని కాలువల్లోకి మళ్లించే పొట్టి కట్టలు. వరద ఒండ్రు వాటి మీదుగా దాటిపోయేది. పెద్ద జలాశయాల సంగతి వేరు. అక్కడ నీరు నిలుస్తుంది, నిలిచిన నీటిలో మట్టి పేరుకుంటుంది. అదే బృందం సేకరించిన కొలతల ప్రకారం కృష్ణలో దిగువకు చేరే ఒండ్రు 1966-69 మధ్య ఏటా 90 లక్షల టన్నులు. 2000-2005 నాటికి 4 లక్షల టన్నులు. గోదావరిలో 1970లలో ఏటా 15 కోట్ల టన్నులుండేది 2000-2006 నాటికి 5.7 కోట్లకు పడిపోయింది. పోయిన మట్టి ఎక్కడుందో చూడాలంటే శ్రీశైలం చాలు. 1984లో నీరు నింపినప్పుడు ఆ జలాశయం సామర్థ్యం 308 టీఎంసీలు. పాతికేళ్ల తర్వాత సర్వే చేస్తే సుమారు 216. ఆ తేడా అంతా అడుగున పేరుకున్న పూడిక. ఇటు జలాశయం చిన్నదైంది, అటు డెల్టా చిన్నదైంది. వార్తల్లో మాత్రం ఇవి రెండు వేరువేరు సమస్యలుగా కనిపిస్తాయి. పూడిక గురించి నీటిపారుదల వాళ్లు మాట్లాడతారు, కోత గురించి మత్స్యకార గ్రామాలు మాట్లాడతాయి, ఇద్దరూ ఒకే మట్టి గురించి మాట్లాడుతున్నారని చెప్పేవారు తక్కువ.

నా వాదన ఇదీ: మన డెల్టా తీరానికి సముద్రమట్టం పెరుగుదల ఎంత ప్రమాదమన్నది ఒక్క సముద్రాన్ని కొలిస్తే తెలియదు. నేల ఎంత దిగుతోంది, మట్టి ఎంత వస్తోంది, ఎంత పోతోంది అనే జమాఖర్చులోనే అది తెలుస్తుంది. ఆ జమాఖర్చు చూడకుండా కట్టే ఏ గోడయినా ఖర్చు పద్దును పక్క ఊరికి మార్చడమే అవుతుంది.

ముందు కొలతల సంగతి. రేవుల్లో ఉండే ఆటుపోట్ల కొలమానం సముద్రం ఒక్కదాన్నే కొలవదు. తాను పాతుకున్న నేలతో పోల్చి సముద్రాన్ని కొలుస్తుంది. నేల దిగితే సముద్రం పెరిగినట్టే నమోదవుతుంది. మన దేశపు పాత రికార్డుల్లో విశాఖపట్నం దగ్గర పెరుగుదల ఏడాదికి ఒక మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటే, హుగ్లీ ఒడ్డున ఉన్న డైమండ్ హార్బర్‌లో ఐదు మిల్లీమీటర్లు దాటింది. బంగాళాఖాతం రెండు చోట్లా ఒకటే. తేడా కాళ్ల కింది నేలది: విశాఖది తూర్పు కనుమల రాయి, హుగ్లీది డెల్టా బురద. అందుకే విశాఖ కొలతను తెచ్చి గోదావరి డెల్టాలోని కోనసీమకు అన్వయిస్తే ప్రమాదం తక్కువగా కనిపిస్తుంది. 2009లో జేమ్స్ సివిట్స్కీ బృందం ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించి, కొత్త మట్టి దాదాపు రాకుండా పోయినవీ, మనుషుల పనులవల్ల వేగంగా కుంగుతున్నవీ ఒక జాబితాగా వేసింది. నైలు, పో, పసుపు నదులతో పాటు కృష్ణ అందులో ఉంది. గోదావరి దాని కన్నా కొంత మెరుగైన వర్గంలో ఉంది: ఒండ్రు తగ్గింది, కానీ పూర్తిగా ఆగలేదు. ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి, దీనితో తర్వాత పని ఉంది.

నేల ఎత్తును కొలిచే తీరులోనే ఒక పెద్ద పొరపాటు చాలాకాలం దాగి ఉంది. ప్రపంచవ్యాప్తంగా ముంపు పటాలు గీయడానికి వాడిన ఎత్తుల సమాచారం ఎక్కువగా అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసినది. ఆ రాడార్ కొబ్బరి చెట్ల తలలనూ ఇళ్ల కప్పులనూ కూడా నేలగానే లెక్కగట్టింది. ఉన్న ఎత్తు కన్నా నేల ఎక్కువ ఎత్తులో కనబడింది. ఈ తప్పును సవరించి స్కాట్ కల్ప్, బెంజమిన్ స్ట్రాస్ 2019లో మళ్లీ లెక్కిస్తే, ఇప్పటి పోటు మట్టానికి దిగువన నివసిస్తున్నవారు పాత అంచనాలో 2.8 కోట్ల మంది కాగా కొత్త అంచనాలో 11 కోట్లు. సముద్రం ఒక్క అంగుళం పెరగలేదు, కొలబద్ద మారిందంతే. అదే ఏడాది మెకాంగ్ డెల్టా సగటు ఎత్తు అనుకున్నట్టు 2.6 మీటర్లు కాదనీ, 0.8 మీటరేననీ తేలింది. కొబ్బరి తోటల కింద ఊళ్లున్న కోనసీమకు ఇలాంటి సవరణ ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. నేల కుంగుబాటును కొలవడానికి ఇప్పుడు రాడార్ ఉపగ్రహాలున్నాయి. ఒకే చోటును పదేపదే చూసి సెంటీమీటరు లోపు కదలికలను కూడా పట్టగలవు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ అలాంటిదే. సహజవాయువు తోడడం వల్ల కోనసీమ కుంగుతోందన్న ఆరోపణ ఏళ్ల తరబడి నలుగుతోంది. ఆ వివాదం ధర్నాలతోనో ఖండనలతోనో తేలేది కాదు. బావులున్న చోటా లేని చోటా నేల కదలికను పోల్చి, ఊరూరి కొలతలను బయట పెడితేనే తేలుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఇప్పటిదాకా నష్టంలో సముద్రమట్టం వాటా కొంచెమే అయితే దాని గురించి ఇంత ఆందోళన ఎందుకు? ఎందుకంటే ఇంతవరకు జరిగింది ముందు జరగబోయేదానికి కొలమానం కాదు. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్య సమితి నిపుణుల సంఘం 2021 నివేదిక ప్రకారం 1901-1971 మధ్య మట్టం ఏడాదికి 1.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. 2006-2018 మధ్య 3.7 చొప్పున. వేగం దాదాపు మూడింతలైంది. కర్బన ఉద్గారాలను గట్టిగా తగ్గిస్తే 2100 నాటికి సుమారు 28 నుంచి 55 సెంటీమీటర్లు, విచ్చలవిడిగా వదిలితే 63 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా పెరగొచ్చని అంచనా. ఆశ్చర్యమేమంటే 2050 వరకు ఏ దారిలో వెళ్లినా తేడా పెద్దగా లేదు, సుమారు ఇరవై సెంటీమీటర్లు. సముద్రం ఇప్పటికే తాగిన వేడి అలాంటిది. అంటే రాబోయే పాతికేళ్ల తీర ప్రణాళికకు 'అంచనాలు అనిశ్చితం' అన్న సాకు చెల్లదు. అనిశ్చితి ఉన్నది శతాబ్దం చివర్లో, అంటార్కిటికా మంచు పలకలు ఎలా ప్రవర్తిస్తాయన్న దాంట్లో.

పైగా మిల్లీమీటర్లను చూసి నవ్వేవారు ఉప్పెనను మరిచిపోతున్నారు. 1977 నవంబరు 19న కృష్ణా డెల్టాలోని దివిసీమ మీద పడిన ఉప్పెన ఐదు మీటర్ల ఎత్తున వచ్చింది, అధికారిక లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. దాని పక్కన ఇరవై సెంటీమీటర్లు ఏ మూలకు అనిపిస్తుంది. కానీ మెట్టు ఎత్తు పెరిగితే ప్రతి చిన్న ఉప్పెనా ఆ మెట్టు మీదికెక్కి వస్తుంది. వందేళ్లకోసారి చూసే నీటి మట్టం 2100 నాటికి, కొలమానాలున్న చోట్లలో సగానికి పైగా, ఏటా కనీసం ఒకసారి వస్తుందని అదే నివేదిక అంటుంది. మన తూర్పు తీరానికి ఇంకో చిక్కు ఉంది: ఇక్కడ సముద్రం సహజంగానే ఎక్కువ మట్టంలో ఉండేది అక్టోబరు, నవంబరు నెలల్లో, తుఫానుల కాలమూ అదే. ఉప్పెన కన్నా నెమ్మదైన నష్టం మురుగు కాలువలది. డెల్టా డ్రెయిన్లు పంపులతో నడిచేవి కావు, వాలు మీద నడిచేవి. ఆ వాలు అసలే అంతంత మాత్రం. సముద్రం వైపు మట్టం కొన్ని అంగుళాలు పెరిగినా, మొగ పూడినా, వానకు చేలో చేరిన నీరు బయటికి పోయే సమయం ఆటు వేళల్లో కొన్ని గంటలకు కుదించుకుపోతుంది. ముంపు పటంలో ఈ నష్టం కనిపించదు, కానీ వరి కుళ్లుతుంది, చౌడు పైకొస్తుంది, రైతు చెరువు తవ్వి రొయ్యలకు ఇస్తాడు. మ్యాపులో నేల అక్కడే ఉంటుంది; దాని మీది బతుకు మారిపోతుంది. సముద్రం 0.6 మీటరు పెరిగితే ఆంధ్ర తీరంలో 43 శాతం అత్యధిక ప్రమాదంలోనూ మరో 35 శాతం అధిక ప్రమాదంలోనూ పడతాయనీ, రెండు మీటర్ల ఎత్తు లోపు 282 గ్రామాల్లో ఉన్న 12.9 లక్షల మంది కదలాల్సి వస్తుందనీ నాగేశ్వరరావు బృందం 2008లో చెప్పింది.

మరో ఆక్షేపణ ఇంకా బలమైనది. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 దాకా తీరరేఖను పరిశీలిస్తే, ఆంధ్రప్రదేశ్‌లో కోతకు గురవుతున్నది 28.7 శాతం తీరమే. దాదాపు సగం తీరం పెరుగుతోంది కూడా. దేశం మొత్తం మీద కోత 33.6 శాతం, పశ్చిమ బెంగాల్‌లో అరవై శాతం దాటింది. మరి మనకు భయమెందుకు? అంకెలు నిజమే, కానీ అవి కొలిచేది పొడవును. ఎక్కడ ఎంత లోతుగా కోస్తోందో, ఎక్కడ ఎవరున్నారో చెప్పవు. ఒక ఇసుక దిబ్బ మరో పదిహేను మీటర్లు పెరిగితే దాని లాభం ఎవరి ఖాతాలోనూ పడదు. కాకినాడ దగ్గరి ఉప్పాడలో పదిహేను మీటర్లు పోతే ఒక వీధి పోతుంది. తీరం మొత్తానికి సగటు తీస్తే ఈ రెండూ చెల్లుకు చెల్లు. పైగా పెరుగుతున్న చోట్లలో కొన్ని, పక్కన కోసుకుపోయిన ఇసుక వచ్చి చేరిన చోట్లే.

ఉప్పాడ సంగతి కొంచెం నెమ్మదిగా చూడాలి. నైరుతి గాలుల కాలంలో మన తీరం వెంబడి ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది, ఏటా లక్షల ఘనపు మీటర్లు. గోదావరి మొగల నుంచి వచ్చిన ఇసుకతో కాకినాడ ముందర ఒక పొడవాటి ఇసుక నాలుక పెరిగింది. హోప్ ఐలాండ్ దాని కొసే. అది కాకినాడ రేవుకు రక్ష. దాని వెనక కోరంగి మడ అడవులు నిక్షేపంగా పెరిగాయి. కానీ ఆ నాలుక దగ్గర ఆగిన ఇసుక ఉత్తరాన ఉప్పాడకు చేరదు. నాలుక కొస చుట్టూ వంగి వచ్చే అలలు తమ బలాన్ని ఉప్పాడ వైపు పోగేస్తాయని పరిశోధకులు చెబుతారు. రేవు కట్టడాలు, పూడికతీత దీనికి తోడు. దాని ఫలితం అందరికీ తెలిసిందే: కాకినాడ-ఉప్పాడ బీచ్ రోడ్డు తుఫాను తుఫానుకూ కొట్టుకుపోవడం, మళ్లీ వేయడం. జాందానీ చీరలకు పేరున్న ఊరు, మత్స్యకారుల పేటలు, గుళ్లు ఒక్కొక్క వరుసా సముద్రంలో కలిశాయి. రాళ్లు పోశారు. ఇసుక నింపిన జియోట్యూబులతో గోడ కట్టారు. కొన్నాళ్లు ఆగింది, చిరిగింది, అలలు పనికానిచ్చాయి. ఇల్లు కొట్టుకుపోతున్నవాడికి ఒండ్రు లెక్కలు చెప్పడం అన్యాయమే, ఈ రాత్రి అలను ఆపేది రాయే. కాబట్టి గోడ వద్దనడం లేదు. కేరళలో కొచ్చి దగ్గర చెల్లానంలో నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మెలతో ఏడు కిలోమీటర్లకు పైగా గట్టు వేశాక ఆ ఊరు ఏటా పడే ముంపు బాధ నిజంగానే తగ్గింది. కానీ గట్టు ఆగిపోయిన చోటికి ఉత్తరాన ఉన్న కన్నమాలి వాళ్లు మాకూ గట్టు కావాలని ఆందోళనకు దిగాల్సి వచ్చింది. గోడ అలను తప్పించగలదు, ఇసుకను పుట్టించలేదు. గోడ ముందరి బీచ్ కూడా క్రమంగా పోతుంది, వలలు లాగే చోటూ పడవ పెట్టే చోటూ దానితోపాటే పోతాయి.

నెదర్లాండ్స్ సముద్రం కన్నా కిందే బతుకుతోంది కదా, మనమూ కట్టలు కట్టుకుంటే సరి అనే మాట తరచుగా వినబడుతుంది. ఆ దేశం పేరు చెప్పేవారు అక్కడ ఇప్పుడు జరుగుతున్నది చూడటం లేదు. 1990 నుంచి డచ్చి ప్రభుత్వ విధానం, తీరరేఖ ఆ ఏడాది ఎక్కడుందో అక్కడే నిలపడం, అదీ ప్రధానంగా ఇసుకతో. సముద్రం అడుగు నుంచి ఏటా కోటి ఘనపు మీటర్లకు పైగా ఇసుక తోడి తీరం మీద పోస్తారు. 2011లో హేగ్ నగరం దగ్గర ఒకేచోట రెండు కోట్ల ఘనపు మీటర్లకు పైగా పోసి, దాన్ని తీరమంతా పంచే పని అలలకే వదిలేశారు. నదుల దగ్గర కట్టలను ఇంకా లేపడం మానేసి కొన్ని చోట్ల వెనక్కి జరిపి, వరదకు దారి ఇచ్చారు. కట్టల దేశం కట్టల పరిమితిని గుర్తించింది. ఇసుక లెక్క మనకు తెలియనిది కూడా కాదు. విశాఖలో అవుటర్ హార్బర్ అడ్డుకట్టలు ఉత్తరానికి పోయే ఇసుకను ఆపితే, రామకృష్ణా బీచ్ కోసుకుపోతుందని గ్రహించి, దక్షిణాన చిక్కిన ఇసుకను తోడి బీచ్‌కు పంపడం ఏళ్లుగా చేస్తున్నారు. ఇసుకను ఆపినవాళ్లే దాటించాలన్న సూత్రం ఒక నగరం బీచ్‌కు వర్తించినప్పుడు ఉప్పాడకు ఎందుకు వర్తించదు? కారణం సాంకేతికం అనుకోను. విశాఖ బీచ్ రోడ్డులో హోటళ్లున్నాయి, ఉప్పాడలో మత్స్యకారుల పేటలున్నాయి.

ఇక అసలు ఆక్షేపణ: ఒండ్రు కావాలంటే ఆనకట్టలు పగలగొట్టాలా? వరి, కరెంటు, హైదరాబాదు తాగునీరు అన్నీ వాటి మీదే ఉన్నాయి. పగలగొట్టాలని ఎవరూ అనరు, అననక్కర్లేదు. పసుపు నది ప్రపంచంలోకెల్లా ఎక్కువ మట్టి మోసిన నదుల్లో ఒకటి, కృష్ణలాగే ఒండ్రు అడుగంటిన డెల్టా దానిది. 2002లో చైనా ఇంజనీర్లు షియావోలాంగ్‌డి జలాశయం నుంచి ఏడాదిలో కొన్ని రోజులు లెక్కకట్టి వరదను వదిలి, ఆ ఊపుతో పూడికను సముద్రం దాకా తోసే పద్ధతి మొదలుపెట్టారు. నది అడుగు లోతయింది, డెల్టా మొగ దగ్గర నేల మళ్లీ చేరడం మొదలైంది. ఈ పద్ధతి ఇక్కడా యథాతథంగా పనికొస్తుందని చెప్పలేం. శ్రీశైలంలో నలభై ఏళ్లుగా గట్టిపడిన పూడికను అలా కదిలించడం కష్టం, కృష్ణలో దిగువకు వదలడానికి మిగులు నీరే చాలా ఏళ్లలో ఉండదు. కృష్ణా డెల్టాకు నది సాయం చేస్తుందన్న ఆశ నాకు పెద్దగా లేదు. అక్కడ మిగిలింది మడ అడవులు, లోపలి కట్టలు, వెనక్కి జరగడం.

మడ అడవుల విషయంలో అతిశయోక్తులు ఎక్కువ. అవి ఐదు మీటర్ల ఉప్పెనను ఆపవు. కానీ 1999 ఒడిశా తుఫాను తర్వాత కేంద్రపడా జిల్లాలో చేసిన అధ్యయనంలో, సముద్రానికీ ఊరికీ మధ్య మడ వెడల్పు ఎక్కువున్న చోట మరణాలు తక్కువని తేలింది. ఆ వేళ్ల మధ్య ఒండ్రు చిక్కుకుంటుంది కూడా, అంటే నేల కొద్దికొద్దిగా ఎత్తవుతుంది. మళ్లీ అదే మెలిక: చిక్కడానికి ఒండ్రు రావాలి.

వెనక్కి జరగడం అనే మాట మన ప్రణాళికల్లో ఎవరికీ రుచించదు. ఒడిశాలో సతభయ అనే ఏడూళ్ల సమూహం ఒక్కొక్కటిగా సముద్రంలో కలిసిపోయాక, మిగిలిన కుటుంబాలను ప్రభుత్వం బాగపటియాకు తరలించింది. నేల దక్కింది, కానీ చేపలు పట్టి బతికేవాళ్లకు సముద్రం దూరమైంది. తరలించడమంటే ఇళ్లు కట్టివ్వడంతో అయ్యేది కాదని ఆ అనుభవం చెబుతోంది. పదిహేనో ఆర్థిక సంఘం కోత నివారణకు 1,500 కోట్లు, కోతతో నిర్వాసితులైనవారి పునరావాసానికి 1,000 కోట్లు దేశం మొత్తానికి సిఫారసు చేసింది. మొత్తం చిన్నదే అయినా, కోతను తుఫానులాంటి విపత్తుగా గుర్తించడం కొత్త. ఇంకోవైపు 2019 నాటి తీర నియంత్రణ నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న గ్రామీణ తీరంలో నిర్మాణాలు కూడని పట్టీని 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు కుదించింది. సర్వే ఆఫ్ ఇండియా శ్రమపడి గీసిన ప్రమాద రేఖను ఆ హద్దులతో ముడిపెట్టకుండా, విపత్తు ప్రణాళికకు పనికొచ్చే సాధనంగా మిగిల్చింది. ఒక చేత్తో జనాన్ని సముద్రానికి దగ్గర చేసి మరో చేత్తో తరలింపు నిధి పెట్టడం విడ్డూరం.

గోదావరి పరిస్థితి వేరు. అక్కడ ఇంకా ఏటా కోట్ల టన్నుల మట్టి వస్తోంది, పసుపు నది పాఠం పనికొస్తే అక్కడే పనికొస్తుంది. ఆ నది మీది పోలవరం జలాశయం ఇంకా పూర్తిగా నిండలేదు. దాని గేట్లు ఏ నెలలో, ఏ మట్టం దగ్గర, ఎంతసేపు తెరవాలో నిర్ణయించే నియమావళిలో ఇప్పటిదాకా వాదనంతా నీటి వాటాల మీద, ముంపు మండలాల మీద, కరెంటు మీద. తొలి వరదల్లో, నీరు మట్టి రంగులో ఉన్నప్పుడు, జలాశయాన్ని దించి ఉంచి ఒండ్రును దిగువకు దాటించే ఏర్పాటు ఆ నియమావళిలో ఉండాలి. దాటిందీ లేనిదీ ధవళేశ్వరం దగ్గర కొలిచి ఏటా ప్రకటించాలి. నదిలో ఇసుక రీచ్‌ల లెక్క కూడా అందులోనే చూపాలి, ఎందుకంటే తీరానికి కావలసినది మెత్తటి మట్టి ఒక్కటే కాదు, లారీల్లో పోతున్న ఆ ముతక ఇసుక కూడా. జలాశయం ఒకసారి పూడిక పట్టాక శ్రీశైలంలో లాగే ఈ అవకాశం ఏటికేడు తగ్గిపోతుంది.